ఊరందరి మడమనొప్పీ ఐదే

పదవీ విరమణ చేసిన పెద్దవాళ్లు రాసుకునే జ్ఞాపకాలు చదవడం నాకిష్టం. వాటిల్లో జీపులుంటాయి, బదిలీలుంటాయి, చివర్లో ఒక శాలువా ఉంటుంది. నాకింకా ముప్పై నిండలేదు కాబట్టి శాలువా ఎవరూ కప్పలేదు. అయినా ఒక ఉద్యోగం నుంచి మాత్రం నేను పూర్తిగా రిటైరయ్యాను. నెల్లూరులో ఒక ఆసుపత్రి ఎముకల విభాగంలో, ఒక పరిశోధనకు సహాయకురాలి పని అది. పరిశోధన అయిపోయింది, దానితో ఉద్యోగమూ అయిపోయింది. ఇప్పుడు అలాంటి పనుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు "అక్కా, ఊళ్లల్లోకి పోతే ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. ఎదురుగా కూర్చుని చెప్పమంటే నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను. డైరీ రాసే అలవాటుంది కాబట్టి అప్పటి మాటలు చాలావరకు అన్నవి అన్నట్టే గుర్తున్నాయి.

నేను చదివింది ఫిజియోథెరపీ. కొత్త మనిషి ఎదురైతే నా చూపు వాళ్ల మెడ దాకా వెళ్లి, అక్కణ్ణుంచి నేరుగా పాదాల మీదకు దిగిపోతుంది. మా అమ్మ దీన్ని జబ్బు అనేది. ఎముకల విభాగంలో మాత్రం ఇదే అర్హత అనుకున్నట్టున్నారు, మడమనొప్పి పరిశోధనలో వేశారు.

ఈ నొప్పి పడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు. పడనివాళ్ల కోసం చెబుతున్నాను. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటుంది. కాసేపు నడిస్తే సర్దుకుంటుంది, కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. నెలల తరబడి చెప్పులు మార్చినా, వ్యాయామాలు చేసినా తగ్గకపోతే ఇంజక్షన్ వేస్తారు. ఏ ఇంజక్షన్ అన్నదే తగువు. ఒకటి స్టిరాయిడ్, చాలా ఏళ్లుగా వాడుతున్నది. రెండోది, రోగి రక్తాన్నే కొంచెం తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, పైన తేలిన పసుపుపచ్చని ద్రవాన్ని మళ్లీ ఆ మనిషి మడమలోకే ఎక్కించడం. రెంటిలో ఏది మేలో తేల్చడం మా పీజీ డాక్టరు గారి థీసిస్. అది పూర్తి కాకపోతే ఆయన పరీక్షకు కూర్చోలేరు.

ఎవరికి ఏ మందు పడిందో రోగికి తెలియకూడదు. తెలిస్తే కాలికన్నా ముందు మనసే తీర్పు చెప్పేస్తుంది. అందుకని అందరి దగ్గరా రక్తం తీసేవాళ్లం, సిరంజికి కాగితం చుట్టేవాళ్లం. తెర వెనక ఇంజక్షన్ వేసే సీనియర్ డాక్టరుకు తప్ప ఆ సంగతి పీజీ డాక్టరుకూ తెలియదు, నాకూ తెలియదు. నా పనల్లా గడువు వచ్చినప్పుడల్లా రోగుల దగ్గరికి వెళ్లి, "నొప్పి ఎంత?" అని అడగడం. సున్నా అంటే అసలు లేదని. పది అంటే భరించలేనంతని.

ఆరో నెలలో ఐదు దాటి చెప్పినవాళ్లకు రెండో ఇంజక్షన్ ఉచితంగా వేయాలి. ఐదైనా, అంతకు తక్కువైనా, వ్యాయామాలు చేసుకోమని చెప్పి పంపేయాలి. అవసరమైనవాళ్లకు మళ్లీ వైద్యం ఉంటుందని రోగులకు చెప్పాం. హద్దు ఐదని మాత్రం చెప్పకూడదు. చెబితే అందరూ ఆరే అంటారని, థీసిస్‌కు గైడుగా ఉన్న ప్రొఫెసర్ గారి అనుమానం. ఆయనకు మనుషులంటే ఉన్న నమ్మకం అంత.

మాకు దొరికిన రోగుల్లో ఎక్కువమంది ఒకే ఊరివాళ్లు. మైపాడు దాటాక సముద్రం ఒడ్డునే ఉన్న మత్స్యకారుల ఊరది. ఆడవాళ్లు కొందరు రొయ్యల షెడ్లలో తడి సిమెంటు నేల మీద పొద్దంతా నిలబడి పనిచేస్తారు. కొందరు చేపల తపేలా నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్ముతారు. మడమలు అరగక ఏం చేస్తాయి? ఊరి చివర తుఫాను షెల్టరు వరండాలో మాకొక బల్ల, రెండు కుర్చీలు వేసేవారు. ఇంజక్షన్ కోసం మాత్రం వాళ్లను వ్యానులో నెల్లూరు తీసుకెళ్లి, మళ్లీ దింపేవాళ్లం.

మొదటిసారి నేను ప్రశ్న అడిగిన రోజు ఇలా నడిచింది.

"సున్నా నుంచి పది దాకా... మీ నొప్పి ఎంతండీ?" అని నేలను అడిగాను.

"ఏందీ? గెట్టిగా అడుగు పాపా. ఈడ సముద్రం మోత."

రెండోసారి అడిగాను.

"తెల్లారి పది. పొయ్యి కాడ ఏడు. మజ్జానం రొండు. మా అత్త పిలిస్తే పదకొండు."

"పదకొండు లేదండీ. పదే ఆఖరు."

"మా అత్తని నువ్వు చూళ్ళా."

తర్వాత కూర్చున్నామె ఇంకా పెద్ద సందేహం తెచ్చింది. "నెప్పికి మార్కులు నేనేస్తే, పాసయ్యేది ఎవురు? నేనా, మీ సారా?" పీజీ డాక్టరు గారు అది విననట్టు సముద్రం వైపు చూశారు. ఆయనది అనంతపురం వైపు. సముద్రాన్ని చూసినప్పుడల్లా ఆయన మొహంలో 'ఇన్ని నీళ్లా' అనే బాధ కనబడేది.

ఆ ఊళ్లోనే ఇద్దరు తోడికోడళ్లు ఉన్నారు. పెద్దకోడలు రొయ్యల షెడ్డులో పనిచేసేది. చిన్నకోడలు ఇందుకూరుపేట వీధుల్లో తిరిగి చేపలమ్మేది. ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు, అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే పడవ. ఆ ఇంట్లో ఒకరికి చీర కొంటే రెండోవారికీ అదే అంచు రావాలి. నొప్పి కూడా ఇద్దరికీ కుడి మడమలోనే వచ్చింది. ఇద్దరూ ఒకే రోజు వచ్చారు, ఇద్దరూ తొమ్మిదన్నారు, ఇద్దరికీ రక్తం తీశాం, ఇద్దరికీ కాగితం చుట్టిన సిరంజితోనే ఇంజక్షన్ పడింది.

తేడా ఒక్కటే. పెద్దకోడలు ఆ రోజు పీజీ డాక్టరు గారికని సంచినిండా పీతలు తెచ్చింది. బతికున్నవే. ఆయన సంచి విప్పి చూసి, మూతి కట్టకుండా బల్ల కింద పెట్టారు. కాసేపటికి ఒక పీత ఇంజక్షన్ గదిలో తెర కింది నుంచి అడ్డంగా నడిచి వచ్చింది. ఎముకల డాక్టరుగా ఎన్నో విరిగిన కాళ్లు చూసిన మనిషి, ఇన్ని కాళ్లు ఒకేసారి కదిలి రావడం చూసి కుర్చీ ఎక్కారు. పెద్దకోడలే దాన్ని వెనక నుంచి పట్టి సంచిలో వేసింది. అందరం నవ్వుకున్నాం. నవ్వుకోకుండా ఉండాల్సింది.

కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళితే పెద్దకోడలు దూసుకొచ్చి కుర్చీలో కూర్చుని, "రొండు పాపా! గాల్లో నడిచినట్టుండాది," అంది. వెనకే చిన్నకోడలు మునివేళ్ల మీద నడుస్తూ వచ్చింది. "తొమ్మిది. ముందూ తొమ్మిదే, ఇప్పుడూ తొమ్మిదే. మందు మారినా మారకపోయినా నేను మారలా." ఆ మాట నాతో అన్నా, చూపు మాత్రం తోడికోడలి మడమ మీద ఉంది.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర జరిగిన సంగతి మా వ్యాను డ్రైవరన్న ద్వారా తెలిసింది. మాతో వచ్చిన ప్రతిసారీ ఆయన టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. మేము కాగితాల మీద రాసుకునేదానికన్నా ఆయన చెవులతో తెచ్చేదే ఎక్కువ.

"పీతలిచ్చినోళ్లకి మంచి మందు, ఇయ్యనోళ్లకి నీళ్లా?" అందట చిన్నకోడలు.

"నువ్వూ ఇయ్యకపోయినావా? నా మొగుడు పట్టిన పీతలు, నా ఇష్టం."

"నీ మొగుడు పట్టింది మా పడవలో గదా! ఆ పీతల్లో సగం నాయి."

"అయితే సగం తగ్గిందనుకో పోమే."

మాట మీద మాట పెరిగి, బిందెలు దొర్లి, మొగుళ్లు దిగారు. పీతల్లో సగం ఎవరివన్న ప్రశ్న పడవలో సగం ఎవరిదన్న ప్రశ్నగా మారింది. మర్నాటి నుంచి అన్నదమ్ములు ఒకే పడవ ఎక్కడం మానేశారు. పడవ ఇసక మీదే ఉండిపోయింది. దాంట్లో వేటకు పోయే మిగతావాళ్లూ ఒడ్డునే కూర్చున్నారు. ఊరు రెండుగా చీలింది. పీతలిచ్చినవాళ్ల పక్షం కొందరు, ఇవ్వనివాళ్ల పక్షం కొందరు.

ఇదంతా మా దగ్గర మంచి మందు, చెడ్డ మందు ఉన్నాయని వాళ్లు అనుకోవడం వల్ల వచ్చింది. ఏది మంచిదో మాకే తెలియదని, తెలియకే ఇదంతా చేస్తున్నామని చెబితే నమ్మరు. నమ్మితే ఇంకా ప్రమాదం.

మూడో నెల గడువుకు వెళ్లాం. మొదటామె కూర్చుంది.

"ఐదు."

రెండోఆమె. "ఐదు పాపా."

మూడోఆమె కుర్చీలో కూర్చోనైనా కూర్చోలేదు. "ఐదే. పోవచ్చా?"

అత్త పిలిస్తే పదకొండన్నామె వచ్చింది. ఐదంది. "మీ అత్తగారు పిలిస్తే?" అని నేనే ధైర్యం చేసి అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అప్పుడూ ఐదే," అంది.

పీజీ డాక్టరు గారు మొదట సంబరపడ్డారు. "చూశారా మేడం, రెండు ఇంజక్షన్లూ సమానంగా పనిచేస్తున్నాయి!" అన్నారు. తర్వాత ఒక ముసలామె వచ్చి ఐదని చెప్పి పోయింది. ఆమె పేరు మా దగ్గర లేదు. ఆమెకు మేము ఏ ఇంజక్షనూ వేయలేదు. డాక్టరు గారి సంబరం అక్కడితో ఆగిపోయింది.

చివర్లో తోడికోడళ్లు వచ్చారు, విడివిడిగా. పెద్దకోడలు గాల్లో నడిచిన మనిషల్లా ఇప్పుడు కుంటుతోంది. ఐదంది. చిన్నకోడలు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కూర్చుంటే మళ్లీ లేవాలని భయం. ఆమె కుడి మడమ నేలకు తగలనే లేదు. కాళ్ల వేళ్లు బిగిసి తెల్లబడ్డాయి. "ఐదు," అంది పళ్లు బిగించి. నేను రాసుకోకుండా ఆగాను. "రాసుకో పాపా," అంది. "ఇంకేం అడగబాక."

ఆసుపత్రిలో ప్రొఫెసర్ గారు ఆ అంకెలు చూసి, "ఏమయ్యా, ఆ ఊళ్లో అందరికీ కలిపి ఒకటే కాలుందా?" అని అడిగారు. ఆరో నెలలోనూ ఇలాగే వస్తే కొత్త విషయం తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టమన్నారు. పీజీ డాక్టరు గారు ఆ పూట క్యాంటీన్‌లో దోశ ముందు పెట్టుకుని దాన్ని కూడా సున్నాలాగే చూశారు. నాకు మాత్రం ఆ తెల్లబడ్డ వేళ్లే గుర్తొస్తున్నాయి. ఆరో నెలలో కూడా ఆమె ఐదే అంటే ఆమెకు రెండో ఇంజక్షన్ రాదు. తపేలా నెత్తిన పెట్టుకుని అలాగే మునివేళ్ల మీద ఊళ్లు తిరగాలి. ఆ మాట ఆమెకు నేను చెప్పకూడదు.

కారణం డ్రైవరన్న కనుక్కొచ్చాడు. "దురాయి ఏసినారు మేడం," అన్నాడు.

సముద్రం ఒడ్డు ఊళ్ల సంగతి తెలియని పిల్లల కోసం చెబుతాను. దురాయి అంటే మత్స్యకారుల ఊళ్లలో పెద్దలు కూర్చుని వేసే కట్టు. ఫలానా రోజు వేటకు పోకూడదంటే ఎవరూ పోరు. ఫలానా మాట అనకూడదంటే ఎవరూ అనరు. దాటితే ఊరికి తప్పు, అంటే జరిమానా, కట్టాలి. కోర్టు తీర్పుకు అప్పీలుంది కానీ దురాయికి లేదు. వేసినవాళ్లే ఎత్తాలి. పీతల తగువుతో పడవలు ఆగిపోతుంటే పెద్దలు కూర్చుని దురాయి వేశారట: ఇంజక్షన్ గురించి ఎక్కువ తక్కువ మాట ఊళ్లో వినబడకూడదు, ఎవరు అడిగినా ఆడా మగా అందరూ ఐదే చెప్పాలి.

మేము ఊరి పెద్ద ఇంటికి వెళ్లాం. తెల్ల మీసాలు, భుజాన ఎర్ర తువ్వాలు, కుర్చీలోంచి లేవకుండానే అందరినీ నడిపించే మనిషి. మర్యాదగా కూర్చోబెట్టి సోడాలు తెప్పించాడు.

"మీకూ లెక్క సుళువైంది గదా సారూ," అన్నాడు. "అందురికీ ఒకటే అంకె. రాసే చెయ్యికి నెప్పి లేదు."

"నొప్పి ఎవరిది వాళ్లదే కదండీ," అన్నారు డాక్టరు గారు.

"నెప్పి ఎవురిది వాళ్లదే. తగువు మాత్రం ఊరిది. మీరు ఇంజక్షన్ మడమలో పొడిస్తిరి, చీలిక మా పడవలో వొచ్చినాది. ఇప్పుడు చూడండి, అన్నదమ్ములు ఇద్దురూ ఒకే పడవ ఎక్కతా ఉండారు. దురాయి ఎత్తితే దిగతారు."

"మరి ఐదే ఎందుకు పెట్టారండీ?"

"నడిమధ్యన ఉండాది గదా. ఎక్కవ చెప్తే మీకు కోపం, తక్కవ చెప్తే దేవుడికి కోపం."

ఆ ఐదు ఎంత చెడ్డ అంకో చెప్పడానికి డాక్టరు గారు నోరు తెరిచి, ప్రొఫెసర్ గారు గుర్తొచ్చి మూశారు. ఆయనకూ ఒక దురాయి ఉంది పాపం. సోడా తాగి వచ్చేశాం.

ఆరో నెల గడువు వచ్చింది. ఆ రోజు తెల్లవారుజామున వాన పడి వెలిసింది. షెల్టరు ముందు ఇసక తడిసి, కొత్తగా అలికినట్టు నున్నగా ఉంది. మా వ్యాను వెనక వైపు నిలిపాం కాబట్టి ముందు ఇంకా ఎవరూ తొక్కలేదు. ఊరి పెద్ద కూడా వెనక దారినే ముందుగా వచ్చి వరండాలో కుర్చీ వేయించుకుని మా బల్ల పక్కనే కూర్చున్నాడు, దురాయి ఎలా నడుస్తోందో చూడటానికి. ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇసక మీదుగా వస్తున్నారు. ఆ ఊళ్లో ఇసక మీద ఎవరూ చెప్పులు వేసుకోరు.

"ఐదు."

"ఐదు."

"ఐదు పాపా, బిన్నా రాసుకో, కూర పొయ్యి మీద ఉండాది."

చిన్నకోడలు వచ్చింది. మెట్టు ఎక్కడానికి స్తంభం పట్టుకుంది. పెద్దాయన వైపు చూసింది, బల్ల వైపు చూసింది. "ఐదు," అని, వెళ్లి వరండా చివర కూలబడింది. డాక్టరు గారు కలం మూత పెట్టేశారు. ఆయన థీసిస్ అక్కడితో అయిపోయినట్టే.

నేను ఎప్పటిలాగే తల దించుకుని ఉన్నాను. వరండా మెట్ల కింద తడి ఇసక మీద అడుగుల వరసలు కనబడుతున్నాయి. అప్పుడే నడిచి వచ్చినవి, తాజావి. ఒక వరసలో రెండు పాదాలూ నిండుగా దిగాయి. ఇంకో వరసలో ఎడమ పాదం మొత్తం ఉంది, కుడి పాదానికి మడమే లేదు, వేళ్లూ మునిపాదమూ మాత్రం గుంటలు పడి ఉన్నాయి. ఆ వరస వరండా చివర కూర్చున్న మనిషి వరకూ వచ్చింది. నేను ఆ ఊళ్లో ఇంతకాలం అడిగిన ప్రశ్నకు జవాబు మొత్తం అక్కడ పరిచి ఉంది.

లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. లేచాక కూర్చోవడానికి కూడా సిగ్గేసింది, అందుకని మాట్లాడాను.

"పెద్దాయనా, దురాయి నోటికా, కాలికా?"

"ఏందీ?" అన్నాడాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. ఎవరికీ వినబడలేదు. మెట్ల మీద కూర్చున్న డ్రైవరన్నకు మాత్రం వినబడింది. ఆయన లేచి, రేవులో చేపల వేలం పాడేవాడిలా గొంతెత్తాడు. "దురాయి నోటికా కాలికా అని అడగతా ఉంది మా మేడం!"

పెద్దాయన ఆలోచించాడు. "నోటికే."

"అయితే ఇసక మీద దురాయి లేదు కదా," అన్నాను.

"ఇసక మీద దురాయి లేదంట గదా!" అని అరిచాడు డ్రైవరన్న.

"ఇసకేం జెప్పుద్ది?"

నేను చేత్తో చూపించాను. ఆడవాళ్లంతా లేచి వరండా అంచుకు వచ్చి వంగి చూశారు. అందరి నోళ్లూ ఒకేసారి మొదలయ్యాయి.

"ఇది నాది, నా బొటనేలు వొంకర."

"అదిగో నీ మడమ నిండా దిగింది చూడు మే! నిన్న నా కాడ ఏడిస్తివే!"

"దీనికి అసలు మడమే లేదు. ఎవురిది తల్లే ఇది?"

చిన్నకోడలు తల తిప్పుకుంది.

పెద్దాయన న్యాయం తెలిసిన మనిషి. సాక్ష్యం వచ్చినప్పుడు చూడకుండా ఉండడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మెట్లు దిగి, తీర్పు చెప్పబోయే గాంభీర్యంతో అడుగుల వరసల పక్కనే మెల్లగా ఆ చివరి దాకా నడిచాడు. వంగి మడమ లేని అడుగులను చూశాడు. మీసం దువ్వుకున్నాడు. మళ్లీ నడిచి వెనక్కి వచ్చి మెట్టు దగ్గర నిలబడ్డాడు.

"సరే. ఇసక అబద్ధం ఆడదు," అన్నాడు. "అయినా..."

"మామా," అంది చిన్నకోడలు. ఊరి వరసకు ఆయన ఆమెకు మామ. ఆమె చూపు ఆయన మొహం మీద లేదు, ఆయన వెనక ఉంది. "ఈ కొత్త అడుగులెవరివి మామా? వీటికీ ఎడం మడమ లేదే!"

అందరం చూశాం. ఆయన నడిచి వచ్చిన దారి పొడుగునా కుడి పాదం రాజముద్రలా పడింది. ఎడమ పాదానికి మాత్రం వేళ్లే ఉన్నాయి.

పెద్దాయన వెనక్కి తిరిగి తన అడుగులను తానే చూసుకున్నాడు. కుర్చీలోంచి లేవకుండా ఊరిని నడిపించడానికి కారణం అప్పుడు తెలిసింది మాకు.

"వయసు," అన్నాడు.

"వయసు రొండు కాళ్లకీ రావాల గదా పెద్దాయనా," అంది అత్త పిలిస్తే పదకొండన్నామె.

నవ్వు తగ్గేదాకా ఆయన ఆగాడు. తర్వాత మెల్లగా వచ్చి నా ఎదురుగా రోగుల కుర్చీలో కూర్చున్నాడు. "అడుగు పాపా."

"సున్నా నుంచి పది దాకా... నొప్పి ఎంతండీ?"

"తొమ్మిది," అన్నాడు. "పొద్దున పది. మంచం కాడ గోడ పట్టుకుని నిలబడతా. ఇంట్లోవాళ్లకి గూడా తెలవదు. ఆడోళ్ల నెప్పి నాకొచ్చిందంటే పరువేముంటాది? రాసుకో."

"మీరు మన స్టడీలో లేరండీ," అన్నారు డాక్టరు గారు బాధగా. "రాసేందుకు చోటు లేదు."

"ఆయనకి చోటు లేకపోతే పోయింది," అంది చిన్నకోడలు, స్తంభం పట్టుకుని లేస్తూ. "ఐదు దాటి చెప్పినాడు. దురాయి దాటినాడు. తప్పు కట్టాల!"

ఆడవాళ్లంతా అందుకున్నారు. కట్టాల, కట్టాల. పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తనే వేసిన కట్టు, అప్పీలు లేదు. టీ కొట్టు వైపు చెయ్యి ఊపి, "అందురికీ టీ, బన్నూ. నా లెక్కలో," అన్నాడు. తర్వాత నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, "ఏసినోడే ఎత్తాల. మిగతా పెద్దలకి నేను జెప్పుకుంటా. దురాయి ఎత్తేసినా. ఎవురి నెప్పి వాళ్లు జెప్పుకోండి. పడవలో మాత్రం ఈ మాట ఎత్తారో, ఇంకోటి ఏస్తా," అన్నాడు.

ఐదన్నవాళ్లంతా మళ్లీ వరసగా కూర్చుని అసలు అంకెలు చెప్పారు. తర్వాత చిన్నకోడలు కుర్చీ దాకా వచ్చింది. ఈసారి కూర్చుంది. ఊపిరి తీసుకుంది.

"ఎనిమిది పాపా. తొమ్మిదనే అనుకున్నా గానీ, ఇప్పుడు నవ్వినా గదా, ఒకటి తీసెయ్."

నేను ఎనిమిది రాశాను. డాక్టరు గారు కలం మూత తీశారు. "ఐదు దాటింది కాబట్టి మీకు ఇంకో ఇంజక్షన్ ఉందమ్మా. ఈ వారమే," అన్నారు. ఆమె ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఐదు దాటడం అంటే ఏమిటో, తను పళ్లు బిగించి చెప్పిన అంకె తనకు ఏం చేయబోయిందో అప్పుడు తెలిసింది ఆమెకు. "ముందే చెప్పగూడదా తల్లే!" అని నా తల మీద మొట్టింది. గట్టిగానే.

ఇక పెద్దకోడలు మిగిలింది. అందరి వెనకా నిలబడి ఉంది. ఇసక మీద ఆమె అడుగులు, కుంటుతూ వచ్చినా, రెండు మడమలూ నిండుగా దిగి ఉన్నాయి.

"సున్నా," అంది నేల చూస్తూ. "ఎప్పుడో పొయినాది నెప్పి."

"మరి ఇన్నాళ్లూ కుంటితివే మే!" అంది చిన్నకోడలు.

"ఐదన్నాక కుంటకపోతే ఊరు నమ్ముద్దా?" అంది పెద్దకోడలు. "కుంటి కుంటి నడుము పట్టుకునింది. లేస్తే కూర్చోలేను, కూర్చుంటే లేవలేను. నడుముకి ఇంజక్షన్ ఉందా సారూ?"

చిన్నకోడలు కుర్చీలోంచి లేచింది. వెళ్లి తోడికోడలి నడుం మీద చెయ్యి వేసి, మెట్ల దాకా నడిపించుకుపోయింది. ఒకామె మడమ ఆనక, ఇంకొకామె నడుము వంగక, ఇద్దరూ కలిసి ఒక మనిషి పని చేశారు. టీ గ్లాసులు వచ్చేసరికి పీతల్లో సగం ఎవరివన్న వాదం మళ్లీ మొదలైంది కానీ, ఈసారి నవ్వుతూ.

తర్వాత సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆ ఊరి మూడో నెల అంకెలు దేనికీ పనికిరావని డాక్టరు గారు థీసిస్‌లో ఒప్పుకోవాల్సి వచ్చింది. దురాయి అంటే ఏమిటో ఒక పేజీ రాశారు. పరీక్షకు వచ్చిన బయటి ప్రొఫెసర్లు ఇంజక్షన్ల గురించి కన్నా ఆ పేజీ గురించే ఎక్కువ అడిగారట. ఆయన పాసయ్యారు. ఏ ఇంజక్షన్ గెలిచిందని మీరు అడుగుతారు. ఒకటి తొందరగా పనిచేసినట్టు, ఒకటి నిదానంగా పనిచేసినట్టు కనబడింది. అంతకుమించి మా కొద్దిమంది మడమలతో తేల్చి చెప్పడానికి లేదని ఆయన రాశారు, నేనూ అంతే చెబుతాను. తోడికోడళ్లలో ఎవరికి ఏది పడిందో చివర్లో నాకు తెలిసింది. అది మాత్రం చెప్పను. వాళ్ల పడవ ఇంకా నీళ్లలోనే ఉంది.

పెద్దాయన మామూలు రోగిగా ఆసుపత్రికి వచ్చి ఓపీలో చూపించుకున్నాడు. ఆయనకు మందు ఏదో దాచాల్సిన పని లేదని, చెబుతామని అంటే చెవులు మూసుకున్నాడు.

నేను ఆ ఉద్యోగం వదిలి చాలా నెలలైంది. చిన్నకోడలి దగ్గర నా నంబరుంది. హలో అనదు, ఎలా ఉన్నావనదు. ఫోన్ ఎత్తగానే అంకె చెబుతుంది. మొదట ఆరు, ఒకసారి నాలుగు. పోయిన వారం నేను బస్సులో ఉన్నప్పుడు చేసింది. వెనక ఇందుకూరుపేట బజారు రొద, చేపల బేరం వినబడుతున్నాయి.

"పాపా, రొండు. మా అక్క నడుము ఒకటి."

"పెద్దాయన ఎలా ఉన్నారు?" అని అడిగాను. పక్కసీటులో వాళ్లు తిరిగి చూసేంత గట్టిగానే అడిగాను.

"మామది ఐదు," అంది. నేను అడగకముందే, "నిజం ఐదే పాపా. పొద్దున ఆయన ఎనకమాలే పోయి అడుగులు చూసొచ్చినా," అంది.